నాస్ సాఫ్ట్‌వేర్: పోయిన ఫైలు తిరిగొస్తుందా?

2025 సెప్టెంబరు 26 రాత్రి దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌కు నిప్పంటుకుంది. కరెంటు పోయినప్పుడు ఆదుకోవాల్సిన లిథియం బ్యాటరీల దగ్గరే మంట మొదలైంది. వందల ప్రభుత్వ సేవలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాటిలో చాలావరకు ఆ తర్వాత ఒక్కొక్కటిగా తేరుకున్నాయి. తేరుకోనిది జీ-డ్రైవ్. ప్రభుత్వోద్యోగులు పని ఫైళ్లను తమ కంప్యూటర్లలో కాకుండా అందులోనే దాచుకోవాలని అక్కడి ప్రభుత్వం చెప్పింది. మనిషికి 30 జీబీ చోటు ఇచ్చింది. మంటల్లో పోయింది 858 టీబీ. దానికి బయట ఎక్కడా రెండో ప్రతి లేదు.

రోజువారీ పనికి జీ-డ్రైవ్‌లో ఏ లోటూ లేదు. పొద్దున్నే లాగిన్ అయితే ఫైలు తెరుచుకునేది, సేవ్ కొడితే సేవ్ అయ్యేది. పోయిన రోజున అక్కరకు రావాల్సిన ఏర్పాటే లేదు. మన ఊళ్లలో ఆడిటర్ ఆఫీసులు, ఫొటో స్టూడియోలు, ప్రింటింగ్ ప్రెస్‌లు, డయాగ్నొస్టిక్ సెంటర్లు ఫైళ్లన్నీ ఒకే చోట పెట్టుకోవడానికి చిన్న సర్వర్లు కొంటున్నాయి. వాటిని కొనేటప్పుడు కూడా డీలరు ఇచ్చిన కాగితం మీద బారెడు ఫీచర్లు చూసి, డిస్కు ఎంత, స్పీడు ఎంత, ధర ఎంత అని అడిగి ఊరుకుంటున్నారు. నా అభిప్రాయంలో ఆ ఫీచర్లను రెండు కుప్పలు చేయాలి. రోజూ ఫైలు తెరవడానికి పనికొచ్చేవి ఒకవైపు, పోయిన ఫైలును తిరిగి తెచ్చేవి మరోవైపు. మొదటి కుప్పలో పేరున్న సాఫ్ట్‌వేర్లన్నీ ఇంచుమించు సమానమే. అసలు తేడా రెండో కుప్పలో ఉంది. కొనుగోలు దాన్ని బట్టే జరగాలి.

నాస్ అంటే నెట్‌వర్క్‌కు తగిలించిన స్టోరేజీ. రెండు, నాలుగు, ఎనిమిది హార్డ్ డిస్కులు పట్టే పెట్టె ఒకటి రౌటర్ పక్కన ఉంటుంది. ఆఫీసులో కంప్యూటర్లన్నింటిలో అది జెడ్ డ్రైవ్‌గానో, షేర్డ్ ఫోల్డర్‌గానో కనిపిస్తుంది. పెట్టె ఏ కంపెనీదైనా ఫైలును పంచిపెట్టే పద్ధతులు ముఖ్యంగా రెండే. యూనిక్స్, లినక్స్ యంత్రాలకు ఎన్‌ఎఫ్‌ఎస్. దీన్ని సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తయారుచేసింది. విండోస్‌కు ఎస్‌ఎంబీ. ఇది ఐబీఎంలో పుట్టి మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. విండోస్ సర్వర్ లేకుండానే విండోస్ కంప్యూటర్లకు ఫైళ్లు అందించవచ్చని చూపించింది ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్. 1992లో కాన్‌బెరాలో పరిశోధన విద్యార్థిగా ఉండగా, నెట్‌వర్క్‌లో అటూ ఇటూ పోయే సమాచారాన్ని గమనిస్తూ ఆయన మొదలుపెట్టిన పనే తర్వాత సాంబా అయింది. ఇవాళ బజారులో దొరికే చిన్న నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల పనిచేసేది లినక్స్, దాని మీద సాంబా. అందుకే మొదటి కుప్పలో తేడాలు పెద్దగా కనిపించవు. స్పీడు కూడా చాలావరకు సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు. మామూలు గిగాబిట్ వైరింగ్ మీద సెకనుకు 110 ఎంబీ దాటడం కష్టం. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు ముందు 10 గిగాబిట్ స్విచ్ కొనాలి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ సంగతి చూడాలి.

అయితే ఈ మొదటి కుప్పలో నిర్లక్ష్యం చేయకూడనిది ఒకటుంది. ఎస్‌ఎంబీ పద్ధతిలో మొదటి వెర్షన్‌ను పూర్తిగా మూసేశారా లేదా అన్నది. 2017 మే 12న ప్రపంచాన్ని చుట్టేసిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) ఆ పాత వెర్షన్‌లోని లోపం గుండానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అదే మే నెలలో సాంబాలో కూడా 2010 నుంచి దాగి ఉన్న మరో పెద్ద రంధ్రం బయటపడింది. ఇప్పటికీ పాత స్కానర్ పనిచేయడం లేదనో, పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఒకటి మిగిలి ఉందనో సర్వీసుకు వచ్చినవాళ్లు ఆ మొదటి వెర్షన్‌ను మళ్లీ తెరిచి పోతుంటారు. ఒక్క స్కానర్ కోసం ఆఫీసు మొత్తాన్ని ప్రమాదంలో పెట్టే పని అది. స్కానర్ మార్చడం మేలు.

ఈ మధ్య ఇంకో ఇబ్బంది చాలాచోట్ల ఎదురవుతోంది. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక, నిన్నటిదాకా తెరుచుకున్న నాస్ ఫోల్డర్ కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవడం లేదు. కారణం ఏమిటంటే, ఎస్‌ఎంబీ సంభాషణకు డిజిటల్ సంతకం ఉండాలని ఆ అప్‌డేట్ పట్టుబడుతుంది. యూజర్ పేరూ పాస్‌వర్డూ అడగకుండా ‘గెస్ట్’గా రానిచ్చే ఫోల్డర్లను ప్రో ఎడిషన్ ఒప్పుకోదు. ఇలాంటప్పుడు రిజిస్ట్రీలో ఏదో మార్చి సంతకం అక్కర్లేదని చెప్పి తెరిపించేస్తారు. సరైన మందు అది కాదు. నాస్‌లో ప్రతి మనిషికీ సొంత యూజర్ పేరు ఇవ్వాలి.

సొంత యూజర్ పేర్లు ఉంటేనే తర్వాతి ప్రశ్నలన్నింటికీ జవాబు దొరుకుతుంది. మన ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది ‘ఆఫీస్’ అనే ఒకే యూజరు, అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డు. జీతాల ఫైలు ఎవరు చూశారు, క్లయింటు ఫోల్డర్ ఎవరు డిలీట్ చేశారు అంటే జవాబు ఉండదు. పేరున్న నాస్ సాఫ్ట్‌వేర్లన్నీ యూజర్లను గ్రూపులుగా విడదీయనిస్తాయి. ఫోల్డర్ వారీగా చదివే హక్కు, రాసే హక్కు విడివిడిగా ఇస్తాయి. పెద్ద సంస్థలో యూజర్ల ఖాతాలన్నీ ఒకేచోట ఉంచే యాక్టివ్ డైరెక్టరీ ఇప్పటికే ఉంటే దానికి కలుపుకుంటాయి. హక్కు లేని ఫోల్డర్ అసలు కనిపించకుండా దాచే సౌకర్యం కూడా ఉంటుంది. ఇవన్నీ ఉన్నా, ఎవరు ఏ ఫైలు తెరిచారు, మార్చారు, తీసేశారు అన్న చిట్టా మాత్రం చాలా పెట్టెల్లో మొదట ఆపేసి ఉంటుంది. మనమే ఆన్ చేయాలి. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ కంప్యూటర్, నెట్‌వర్క్ వ్యవస్థల లాగ్‌లను (చిట్టాలను) 180 రోజులు దాచి ఉంచాలి. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి. చిట్టా ఆపేసిన పెట్టెతో ఈ రెండూ జరిగే పని కాదు.

తెలుగులో పనిచేసే ఆఫీసులకు ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. దీన్ని ఏ బ్రోచరూ చెప్పదు. ఫైలు పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లు పాత విండోస్ కంప్యూటర్ నుంచి ఫోల్డర్లను నాస్‌లోకి కాపీ చేస్తుంటే, మధ్యలో కొన్ని ఫైళ్ల దగ్గర ‘పేరు చాలా పొడుగుగా ఉంది’ అని ఆగిపోతుంది. పేరు చూస్తే అంత పొడుగేమీ ఉండదు. జరిగేది ఇది: డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు; విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరులోని సంకేతాలను లెక్కపెడుతుంది, 255 దాకా ఒప్పుకుంటుంది. లినక్స్ మీద నడిచే ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, అలాగే జెడ్‌ఎఫ్‌ఎస్ బైట్లను లెక్కపెడతాయి, మామూలుగా 255 బైట్ల దాకా ఒప్పుకుంటాయి. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. పైగా కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’లో సకారం, తకారం, రేఫ, గుడిదీర్ఘం, రెండు పొల్లులు కలిపి ఆరు సంకేతాలున్నాయి. అంటే 18 బైట్లు. మొత్తమ్మీద తెలుగు పేరుకు దక్కేది 85 సంకేతాలు మాత్రమే.

ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లలో ఈ ఇరుకు ఇంకా ఎక్కువ. సైనాలజీ అనే కంపెనీ నాస్ పెట్టెల్లో ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే పేరుకు మిగిలేది 143 బైట్లే. ఒక పత్రిక ఆఫీసులో ‘కార్తిక సంచిక మూడో కథ చివరి దిద్దుబాటు తర్వాత ప్రింటుకు’ అని ఒక వర్డ్ ఫైలు ఉందనుకోండి. విండోస్ లెక్కలో అది ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 60 సంకేతాలు. నాస్ లెక్కలో 48 తెలుగు సంకేతాలకు 144 బైట్లు, ఖాళీలకు 7, చుక్కతో సహా ఎక్స్‌టెన్షన్‌కు 5, మొత్తం 156. ఆ ఫోల్డర్‌లోకి అది పోదు. ఇలాంటివి ఎన్ని ఆగిపోయాయో చూసుకోకుండా పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేస్తే ఆ ఫైళ్లు పోయినట్టే. సైనాలజీ 2023లో తెచ్చిన తన నాస్ సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎం 7.2 నుంచి వాల్యూమ్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే వీలుంది, దానికి ఈ 143 ఇబ్బంది లేదు. తెలుగు పేర్లు వాడేవాళ్లు దాన్నే ఎంచుకోవాలి. వెతుకులాట సంగతీ చెప్పాలి. ఫైలు లోపల ఉన్న మాటలను వెతికి పెడతామని చాలా సాఫ్ట్‌వేర్లు చెబుతాయి. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగైతే ఆశ పెట్టుకోవచ్చు. అను ఫాంట్లలో టైపు చేసి పేజ్‌మేకర్‌లో సర్దిన పాత సంచికల లోపల కంప్యూటర్‌కు కనిపించేది తెలుగు కాదు, ఇంగ్లిష్ గుర్తుల వరస. అక్కడ ఏ నాస్ వెతికినా ఫలితం రాదు. అలాంటి ఆఫీసులకు ఫైలు పేర్లూ ఫోల్డర్ల అమరికే శరణ్యం.

ఇక రెండో కుప్పకు వద్దాం. ఇక్కడ అందరూ మొదట చెప్పే మాట రెయిడ్, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా సమాచారాన్ని పలు డిస్కుల మీద పంచి రాయడం. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంతో ఈ ఆలోచనకు పేరు వచ్చింది. నాలుగు 8 టీబీ డిస్కులు పెట్టి రెయిడ్ 5 చేస్తే 24 టీబీ చోటు దొరుకుతుంది, ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది. రెయిడ్ 6 చేస్తే 16 టీబీయే దొరుకుతుంది కానీ రెండు డిస్కులు పోయినా నిలుస్తుంది. చోటు పోతుందని చాలామంది రెయిడ్ 5 దగ్గరే ఆగుతారు. ఇప్పటి డిస్కుల సైజుకు అది మంచిది కాదు. 16 టీబీ డిస్కు ఒకటి పోయి కొత్తది పెట్టారనుకుందాం. సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా అది నిండడానికి 22 గంటలు పడుతుంది. ఆఫీసు పని కూడా సాగుతుంటే రోజులు పట్టవచ్చు. ఆ రోజుల్లో మిగిలిన డిస్కులన్నీ ఊపిరాడకుండా పనిచేస్తాయి. అవి తరచూ ఒకేసారి కొన్నవి, ఒకే వయసువి. రెండోది కూడా అప్పుడే పోతే రెయిడ్ 5లో మిగిలేదేమీ ఉండదు.

డిస్కుల ఎంపిక కూడా ఇందులో భాగమే. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ రకం నాస్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్నింటిలో ఎస్‌ఎంఆర్ అనే పద్ధతి వాడుతున్నట్టు ఒప్పుకుంది. ఆ పద్ధతిలో పక్కపక్క ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి ఆగకుండా రాయాల్సి వచ్చినప్పుడు డిస్కు నత్తనడక నడుస్తుంది. సరిగ్గా రెయిడ్‌ను మళ్లీ నింపే సమయంలోనే అది బెడిసికొట్టింది. కొనేటప్పుడు, ట్రాకులు అలా ఒకదాని మీద ఒకటి ఎక్కని సీఎంఆర్ డిస్కే కావాలని అడగండి.

రెయిడ్ ఆదుకునేది డిస్కు చచ్చినప్పుడు మాత్రమే. డిస్కు బతికే ఉండి తప్పు సమాచారం ఇస్తే ఏ డిస్కు చెప్పింది నిజమో మామూలు రెయిడ్‌కు తెలియదు. ఏళ్ల తరబడి తెరవని పెళ్లి ఫొటోల్లో, స్కాన్ చేసిన దస్తావేజుల్లో ఇలాంటి చెడు ఎవరికీ తెలియకుండా పేరుకుంటుంది. దీనికి సమాధానం జెడ్‌ఎఫ్‌ఎస్. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టి 2005లో సొలారిస్‌లో చేర్చిన ఫైల్ సిస్టమ్ ఇది. ప్రతి బ్లాకుకూ (డేటా ముక్కకూ) ఒక చెక్‌సమ్ (సరిచూసే అంకె) లెక్కగట్టి, దాన్ని ఆ బ్లాకు పక్కన కాకుండా దాన్ని చూపించే పై బ్లాకులో దాస్తుంది. చదివిన ప్రతిసారీ లెక్క సరిచూస్తుంది. తేడా వస్తే రెండో డిస్కులోని మంచి ప్రతి తీసి చెడ్డదాన్ని సరిచేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కూడా ఇదే దారి. అయితే చదివితేనే తప్పు తెలుస్తుంది కాబట్టి, ఎవరూ తెరవని ఫైళ్లను కూడా నెలకోసారి మొత్తం చదివించే ‘స్క్రబ్’ అనే పని పెట్టాలి. దాని షెడ్యూలు పెట్టారో లేదో చూసుకోవాలి. పాత ఈఎక్స్‌టీ4 మాత్రమే ఇచ్చే చవక మోడళ్లు ఆఫీసుకు వద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఈ కొత్త ఫైల్ సిస్టమ్‌లతో వచ్చిన అసలు వరం స్నాప్‌షాట్. ఇది పనిచేసే తీరు తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. ఫైలులో ఒక పేజీ మార్చి సేవ్ కొడితే ఈ ఫైల్ సిస్టమ్‌లు పాత బ్లాకు మీద రాయవు. కొత్త సమాచారాన్ని మరో చోట రాసి, ఫైలును ఆ కొత్త చోటికి తిప్పుతాయి. స్నాప్‌షాట్ తీయడమంటే ఈ క్షణాన ఏ ఫైలు ఏ బ్లాకులను చూపిస్తోందో ఆ పట్టికను అలాగే నిలిపేసి, ఆ బ్లాకులను చెరపకుండా కాపలా పెట్టడం. అందుకే 10 టీబీ ఫోల్డర్‌కైనా క్షణంలో అయిపోతుంది, మొదట్లో చోటు పట్టదు. ఆ తర్వాత మార్చినవాటికి మాత్రమే చోటు పడుతుంది. 1992లో మొదలైన నెట్‌యాప్ కంపెనీ పెద్ద సంస్థలకు లక్షల రూపాయలకు అమ్మిన సౌకర్యం ఇది. ఇప్పుడు రెండు డిస్కుల పెట్టెలో కూడా దొరుకుతోంది.

ఆఫీసులో దీని ఉపయోగం ఎంత దగ్గరిదో చూడండి. అకౌంటెంటు మధ్యాహ్నం మూడింటికి ఎక్సెల్ షీటులో ఒక ట్యాబ్ మొత్తం చెరిపి సేవ్ చేసేశాడు. రీసైకిల్ బిన్ పనికిరాదు, ఎందుకంటే ఫైలు డిలీట్ కాలేదు. గంటగంటకూ స్నాప్‌షాట్ పెట్టి, విండోస్‌కు అది కనిపించేలా చేసి ఉంటే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘ప్రీవియస్ వెర్షన్స్’ తెరిస్తే చాలు. రెండు గంటలది, ఒంటిగంటది, నిన్నటిది వరసగా ఉంటాయి. రెండు గంటలదాన్ని పక్కన కాపీ చేసుకుని పోయిన ట్యాబ్ తెచ్చుకోవచ్చు. ఎవరినీ పిలవక్కర్లేదు. పనివేళల్లో గంటకొకటి చొప్పున రెండు రోజులవి, రోజుకొకటి చొప్పున నెలవి, నెలకొకటి చొప్పున ఏడాదివి ఉంచుకుంటే మామూలు ఆఫీసుకు సరిపోతుంది. డేటాబేస్‌ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ట్యాలీ లాంటి ప్రోగ్రాములు తెరిచి ఉండగా తీసిన స్నాప్‌షాట్‌లో సగం రాసిన ఎంట్రీ ఉండే అవకాశముంది. ట్యాలీ సొంత బ్యాకప్‌ను కూడా రోజూ రాత్రి నాస్‌లోకి తీయించాలి.

ఇప్పుడు దొంగలు నేరుగా ఈ పెట్టెల మీదికే వస్తున్నారు. 2014 ఆగస్టులో సైనో లాకర్ అనే రాన్సమ్‌వేర్ సైనాలజీ పెట్టెలను పట్టింది. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే మరో రాన్సమ్‌వేర్, క్యూనాప్ అనే మరో కంపెనీ పెట్టెల్లోని ఫైళ్లను పాస్‌వర్డ్ పెట్టిన సెవెన్‌జిప్ మూటలుగా కట్టేసింది. 2022 జనవరిలో అలాంటిదే డెడ్‌బోల్ట్ వచ్చి, లాగిన్ పేజీ స్థానంలో తన బెదిరింపు పేజీ పెట్టి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెలు ప్రపంచమంతటా ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. బయటినుంచి ఫ్యాక్టరీ రీసెట్ చేయమంటే పాస్‌వర్డ్ అడగాల్సిన కోడ్ వరసలు అందులో పనిచేయకుండా ఆపేసి ఉన్నాయి. కంపెనీ వాటికి 2015లోనే అప్‌డేట్లు మానేసింది. దాదాపు అన్ని ఘటనల్లోనూ దెబ్బతిన్నవి ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న పెట్టెలే. ఇంటినుంచి ఫైళ్లు చూడాలని రౌటర్‌లో పోర్టు ఫార్వర్డ్ చేసిన చోట్లు అవి. బయటినుంచి చూడాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద గుప్తంగా నడిచే సొంత దారి) పెట్టండి. పోర్టు తెరవకండి. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కొనేముందే రాతపూర్వకంగా అడగండి.

ఆఫీసు కంప్యూటర్ ఒకదానిలో రాన్సమ్‌వేర్ దూరి జెడ్ డ్రైవ్‌లోని ఫైళ్లన్నింటికీ తాళం వేస్తే స్నాప్‌షాట్ కాపాడుతుంది, ఎందుకంటే షేర్డ్ ఫోల్డర్ గుండా స్నాప్‌షాట్‌ను చెరపడం కుదరదు. అయితే రెండు చోట్ల ఇది దెబ్బతింటుంది. ఒకటి చోటు. ఫైళ్లన్నీ కొత్తగా రాసినట్టవుతుంది కాబట్టి పాత బ్లాకులన్నీ స్నాప్‌షాట్ ఖాతాలో పడి, డిస్కు రెండింతలు కావాల్సి వస్తుంది. 80 శాతం నిండిన పెట్టె గంటల్లో నిండిపోతుంది. చోటు తగ్గితే పాత స్నాప్‌షాట్లు వాటంతటవే పోయేలా పెట్టుకుని ఉంటే పోయేవి అవే. స్నాప్‌షాట్ల చోటు ఉన్నట్టుండి పెరగడం దాడికి తొలి సూచన. దానికి ఈమెయిల్ హెచ్చరిక పెట్టుకోవాలి. రెండోది అడ్మిన్ పాస్‌వర్డు. అది దొంగ చేతికి చిక్కితే ముందు చెరిపేది స్నాప్‌షాట్లనే. అందుకని అడ్మిన్ కూడా గడువు లోపల చెరపలేని స్నాప్‌షాట్లను ఇప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇస్తున్నాయి. డీఎస్‌ఎం 7.2లో ఇది చేరింది. నా లెక్కలో ఈ దశాబ్దంలో నాస్‌లో వచ్చిన అతి ముఖ్యమైన ఫీచర్ ఇదే. దీనికి తోడు అడ్మిన్ లాగిన్‌కు ఫోన్‌లో వచ్చే రెండో కోడ్ తప్పనిసరి చేయాలి.

ఇవన్నీ ఉన్నా అదంతా ఒకే పెట్టె. దొంగ ఎత్తుకుపోయినా, వరద నీళ్లొచ్చినా, డేజన్‌లోలాగా మంటలొచ్చినా స్నాప్‌షాట్‌తో సహా పోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. కంప్యూటర్ నిపుణులకంటే ముందు ఫొటోలు పోగొట్టుకుంటే తిరిగి తీయలేనివాళ్లకే ఈ బాధ తెలుస్తుంది. దీనికి మూడు దారులున్నాయి. మరో ఊళ్లో లేదా యజమాని ఇంట్లో ఇంకో చిన్న నాస్ పెట్టి రాత్రిపూట మారిన బ్లాకులు మాత్రమే పంపడం. అద్దె క్లౌడ్‌లోకి ఎన్‌క్రిప్ట్ చేసి పంపడం. పెద్ద యూఎస్‌బీ డిస్కులోకి తీసి, విప్పి, బీరువాలో పెట్టడం. మొదటిది అన్నింటికంటే హాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఉన్న రెండు యంత్రాల మధ్య మారిన బ్లాకులను పంపే సౌకర్యం ఫైల్ సిస్టమ్‌లోనే ఉంది. ఈఎక్స్‌టీ4 మీద అయితే మారిన భాగాలే పంపే ఆర్‌సింక్ ఉంది. అది కూడా ట్రిడ్జెల్ మరొకరితో కలిసి 1996లో ఇచ్చిందే. మూడో దారి చవక, కానీ దానికి రోజూ గుర్తుంచుకునే మనిషి కావాలి.

బ్యాకప్ నడుస్తోందని పచ్చదీపం వెలిగినంత మాత్రాన నమ్మకూడదు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో సూపర్ కంప్యూటర్ స్టోరేజీకి బ్యాకప్ చేసే స్క్రిప్ట్‌ను, అది నడుస్తుండగానే మార్చారు. పాత లాగ్ ఫైళ్లు తీసేయాల్సిన ఆ స్క్రిప్ట్ పరిశోధకుల ఫైళ్లను తీసేసింది. పోయింది 77 టీబీ. బ్యాకప్‌ను నమ్మాలంటే అందులోనుంచి ఏదో ఒక ఫోల్డర్‌ను మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్‌లోకి తిరిగి తెచ్చి, తెరిచి చూడాలి.

చట్టం కూడా ఈ వైపే ఉంది. కంపెనీల అకౌంట్స్ నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో భౌతికంగా ఉన్న సర్వర్లలో ఉండాలి. 2022 ఆగస్టు సవరణతో అది రోజువారీ కావాలి. కంపెనీల చట్టం ప్రకారం పుస్తకాలు 8 ఏళ్లు దాచాలి. జీఎస్‌టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీనుంచి 72 నెలలు. కాబట్టి క్లౌడ్ బ్యాకప్ పెట్టుకునే కంపెనీ ముంబయి, హైదరాబాద్ లాంటి మన దేశంలోని రీజియన్ ఎంచుకుందో లేదో చూసుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ముందుగా కనిపించేది విదేశీ రీజియన్.

కరెంటు గురించి రెండు మాటలు. నాస్‌ను యూపీఎస్‌కు తగిలించడంతోపాటు యూపీఎస్ నుంచి యూఎస్‌బీ వైరు కూడా నాస్‌కు కలపాలి. అప్పుడు బ్యాటరీ అడుగంటేలోపు పెట్టె తనంతట తానే సర్దుకుని ఆగిపోతుంది. పేరున్న సాఫ్ట్‌వేర్లన్నింటిలో ఈ సౌకర్యం ఉంది. ఇంటి ఇన్వర్టర్‌కు అలాంటి వైరు ఉండదు.

సాఫ్ట్‌వేర్ల మధ్య ఎంపికకు వస్తే, ఐటీ మనిషి లేని పదిమంది ఆఫీసుకు తైవాన్ కంపెనీ సైనాలజీ ఇచ్చే డీఎస్‌ఎం ఇప్పటికీ నా మొదటి ఓటు. స్నాప్‌షాట్, కంప్యూటర్ల బ్యాకప్, క్లౌడ్ బ్యాకప్ ఒకే తీరులో అమరుతాయి. పెట్టె చెడిపోతే డిస్కులు తీసి లినక్స్ కంప్యూటర్‌కు పెట్టి డేటా చదువుకునే పద్ధతిని కంపెనీయే రాసి ఇచ్చింది. 2025లో అది తన కొత్త ప్లస్ మోడళ్లలో తన పేరున్న డిస్కులే వాడాలని నిబంధన పెట్టింది. కొనేవాళ్లు మండిపడ్డాక, అదే ఏడాది అక్టోబరులో డీఎస్‌ఎం 7.3తో వెనక్కి తీసుకుంది. అలాంటి నిబంధన మళ్లీ రాదన్న హామీ లేదు కాబట్టి కొనే రోజున డిస్కుల జాబితా చూసుకోవాలి. క్యూనాప్‌లో క్యూటీఎస్, క్యూయూటీఎస్ హీరో అని రెండున్నాయి. హీరోలో జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంది, తీసుకుంటే అదే తీసుకోవాలి.

సొంతంగా సర్వర్ కట్టగల మనిషి ఉన్న సంస్థకు ట్రూనాస్ మించినది లేదు. ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియే కొషార్ 2005లో ఫ్రీనాస్‌గా మొదలుపెట్టింది అదే. ఇప్పుడు ఐఎక్స్‌సిస్టమ్స్ నడుపుతోంది. డెబియన్ లినక్స్ మీద నడిచే కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. యంత్రం కాలిపోయినా డిస్కులు మిగిలితే, ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ (జెడ్‌ఎఫ్‌ఎస్ ఓపెన్ సోర్స్ రూపం) సరిపడే వెర్షన్ ఉన్న మరే యంత్రంలోనైనా ఆ డేటా తెరుచుకుంటుంది. ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడనవసరం లేదు. కొన్న తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత రెయిడ్ అయిన రెయిడ్-జెడ్‌కు ఇంకో డిస్కు కలపలేమన్న పాత లోటు కూడా 2025 జనవరిలో వచ్చిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో తీరింది. తన తప్పులను తానే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ ఉన్న బోర్డు కొనండి. ఓపెన్ మీడియా వాల్ట్ తేలికైనది, పాత కంప్యూటర్‌కు సరిపోతుంది, కానీ ఆఫీసు మొత్తాన్ని దాని మీద పెట్టమని నేను చెప్పను. అన్‌రెయిడ్ ఇంటికి మంచిది. ఇప్పటికే యాక్టివ్ డైరెక్టరీ, లైసెన్సులు ఉన్న సంస్థ విండోస్ సర్వర్‌తో ఉండటమే సులువు.

ఫొటోల యాప్, మెయిల్ సర్వర్, వీడియోలు, సీసీ కెమెరా రికార్డింగ్, వర్చువల్ మెషిన్లు లాంటివి ఎన్ని ఉన్నా ఫైళ్ల పెట్టెలో పెట్టకండి. వేసిన ప్రతి యాప్ దొంగకు ఇంకో తలుపు. క్యూలాకర్ దూరిన దారుల్లో అదనపు యాప్‌లోని లోపం కూడా ఉంది.

డబ్బు కట్టేముందు డీలరును ఒకటి అడగండి. మీ కళ్లముందు ఒక ఫోల్డర్ డిలీట్ చేయించండి, ఒక డిస్కు బయటికి లాగించండి. ఆ ఫోల్డర్‌ను నిన్నటి స్థితిలో తిరిగి తెప్పించమనండి. తర్వాత అదే ఫోల్డర్‌ను రెండో చోట ఉన్న బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి తెప్పించమనండి. ఈ రెండూ చేసి చూపించినవాళ్ల దగ్గరే కొనండి. చూపించలేకపోతే ధర ఎంత తగ్గించినా ఆ పెట్టె మీ ఆఫీసుకు వద్దు.